చిన్న సాయ సంస్థకు హక్కుల కాగితం: కర్నూలులో రాసుకునేదెట్లా, నడిపేదెట్లా

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో నెలనెలా బియ్యం సంచులు పంచే, పిల్లల ఫీజులు కట్టే, ముసలివాళ్లకు మందులు కొనిచ్చే చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం పదిమంది స్నేహితులో, ఒక బడి పూర్వ విద్యార్థులో, ఒక బజారు వర్తకులో కలిసి పెట్టుకున్నవి. రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, వాట్సాప్ గ్రూపు తప్పకుండా ఉంటుంది. సాయం కోసం గడప తొక్కిన మనిషికి మన దగ్గర ఏ హక్కులున్నాయో చెప్పే కాగితం మాత్రం ఉండదు. ఆ ఒక్క కాగితాన్ని రాసుకోవడం, దాని ప్రకారం నడుచుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

“మేమిచ్చేది మా డబ్బు. ఇందులో హక్కులేంటి?” అని కమిటీలో ఒకరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఎంత ఇవ్వాలో మీ ఇష్టం. అసలు ఇవ్వాలా వద్దా అన్నదీ మీ ఇష్టమే. పేదలందరి కోసం అని బోర్డు పెట్టి తలుపు తీశాక, ఎవర్ని లోపలికి రానివ్వాలి, వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలి అన్నది మాత్రం మీ ఇష్టం కాదు. అక్కడ చట్టం ఉంది.

మన సీమలో దాతలకు కొదవ లేదు. 1866 కరువులో గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని ఇప్పటికీ పాటల్లో తలుచుకుంటాం. దాత మనసు మంచిదైతే చాలు, రూల్సు ఎందుకు అన్న నమ్మకం మనలో అందుకే గట్టిగా ఉందేమో. మీ మనసు మంచిదే, కాదనను. మీరు ఊళ్లో లేని రోజున మీ తమ్ముడి కొడుకు టేబుల్ దగ్గర కూర్చుంటాడు. అతని మనసు ఆ రోజు ఎలా ఉన్నా వచ్చిన మనిషికి ఒకే మర్యాద దొరకాలంటే రాతపూర్వకంగా ఏదో ఒకటి ఉండాలి.

1. చట్టం ఏం చెబుతోందో అందరూ కలిసి చదవండి

ఒక ఆదివారం సాయంత్రం కమిటీ సభ్యులంతా కూర్చోండి. లాయరు దొరికితే మంచిది, దొరక్కపోయినా ఈ నాలుగైదు విషయాలు అర్థం చేసుకోవడం కష్టం కాదు.

రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. 17వ అధికరణం అలా కాదు. అంటరానితనం ఎవరు పాటించినా, ప్రభుత్వమైనా పక్కింటాయనైనా, నేరమే అంటుంది. దాన్ని అమలు చేయడానికి 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం, 1976 సవరణతో పౌర హక్కుల రక్షణ చట్టంగా మారింది. ఆ చట్టంలోని 4వ సెక్షన్ మనలాంటి సంస్థల పేరే చెబుతుంది. ప్రజల కోసం గానీ, ప్రజల్లో ఒక వర్గం కోసం గానీ పెట్టిన ధర్మసంస్థ నుంచి అందే ప్రయోజనాన్ని అంటరానితనం కారణంగా అడ్డుకోవడం నేరం. ధర్మకార్యాలకు వాడే స్థలంలోకి రానివ్వకపోవడమూ నేరమే. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, దాంతో పాటు జరిమానా. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. “మాకు అలాంటి ఉద్దేశం లేదు” అన్న మాట అక్కడ చెల్లదు. రికార్డు చూపించాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దీనికి తోడు ఉంది, దాని శిక్షలు ఇంకా పెద్దవి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అది 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. దాని ప్రకారం ప్రైవేటు సంస్థ అన్న మాటలో సొసైటీ, ట్రస్టు కూడా వస్తాయి, కాబట్టి మెట్లెక్కలేని మనిషిని “పైకి రాలేకపోతే మేమేం చేస్తాం” అనడం కుదరదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లపై వివక్షను 2017 చట్టం నిషేధిస్తుంది, వాళ్ల జబ్బు సంగతి అనుమతి లేకుండా బయట పెట్టడాన్ని కూడా. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019 చట్టం ఉంది.

ఇవన్నీ చదివాక భయపడి సంస్థ మూసేసిన వాళ్లను నేను చూడలేదు. తామే ఏళ్ల తరబడి చేస్తున్న కొన్ని పనుల గురించి కాసేపు మౌనంగా కూర్చున్నవాళ్లను చూశాను.

2. ఎవరికి ఇస్తారో ముందే రాయండి, అవసరాన్ని బట్టి రాయండి

చాలా సంస్థల్లో అర్హత అంటే అధ్యక్షుడి తలకాయలో ఉండేది. “అన్నను అడుగు, అన్న చెప్తే ఇస్తాం.” ఇది మారకపోతే మిగతా మెట్లన్నీ దండగ.

అర్హతను మూడు నాలుగు వాక్యాల్లో, ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చేలా రాయాలి. ఉదాహరణకు: “ఇంట్లో సంపాదించే మనిషి చనిపోయిన, మంచాన పడిన, లేదా మూడు నెలలుగా పని దొరకని కుటుంబానికి ఆరు నెలల పాటు నెలకు ఒక సరుకుల కిట్టు.” ఇందులో అవసరం ఉంది, గడువు ఉంది, ఇచ్చేదేమిటో ఉంది. “నిజమైన పేదలకు”, “అర్హులైన వారికి”, “మంచి నడవడిక గలవారికి” లాంటి మాటలు కొట్టేయండి. నడవడిక ఎవరు కొలుస్తారు? మొగుడు తాగుతాడని పెళ్లానికి, పిల్లలకు బియ్యం ఆపేసిన సంస్థలున్నాయి. తాగేది ఒకరు, పస్తు పడుకునేది ఇంకొకరు.

కొందరికే అని పరిమితం చేసుకోవడం తప్పు కాదు. ఒంటరి మహిళలకే, కిడ్నీ రోగులకే, ఫలానా వార్డుకే అని పెట్టుకోవచ్చు. కులసంఘాలు తమ కులం పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడం మన దగ్గర మామూలే. అయితే 80జీ అని అందరం పిలుచుకునే పన్ను మినహాయింపు కావాలంటే, సంస్థ ఒక ప్రత్యేక మతం కోసమో కులం కోసమో అని ఉండకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు, మహిళలు, పిల్లల కోసం పెట్టినవి ఈ అభ్యంతరం కిందికి రావు. నన్నడిగితే, పన్ను సంగతి పక్కన పెట్టినా, అందరి దగ్గరా చందా తీసుకుని ఒకరికే పంచే సంస్థ బోర్డు మీద ఆ మాట పెద్దక్షరాల్లో రాసుకోవాలి.

అర్హత రాసేటప్పుడు కర్నూలు జిల్లా పడమటి మండలాలను గుర్తు పెట్టుకోండి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి పత్తి, మిరప కోతలకు గుంటూరు దాకా సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, పోయే కుటుంబాలు ఏటా నెలల తరబడి ఊళ్లో ఉండవు. “ప్రతి నెలా 5వ తేదీన స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి” అని రూలు పెట్టారంటే, ఎక్కువ అవసరం ఉన్నవాళ్లను మీరే లిస్టులోంచి తీసేసినట్టు. ఆ రూలులో ఎవరి కులం పేరూ లేదు, మతం పేరూ లేదు. అయినా దెబ్బ మాత్రం కొన్ని కులాలకే తగులుతుంది. రూలు రాసిన ప్రతిసారీ “దీనివల్ల ఎవరు రాలేకపోతారు?” అని ఒకసారి ప్రశ్నించుకోండి. సుగ్గికి పోయిన కుటుంబం తిరిగొచ్చాక వాళ్ల పేరు మళ్లీ మొదటినుంచి కాకుండా ఆగిన చోటి నుంచే కొనసాగేలా రాయండి. ఊళ్లో వదిలిపెట్టి పోయిన అవ్వ, తాత, పిల్లల పేరున కిట్టు తీసుకునే వీలుండాలి.

3. కాగితాలు తక్కువ అడగండి

దరఖాస్తు ఒక పేజీకి మించకూడదు. పేరు, ఉండే చోటు, ఇంట్లో ఎంతమంది, ఏం కష్టం వచ్చింది, ఫోన్ ఉంటే నంబరు. కులం, మతం గడి దరఖాస్తులో వద్దు. మీరు వివక్ష చూపడం లేదని తెలుసుకోవడానికి ఆ లెక్క కావాలనుకుంటే, విడిగా, పేరు లేకుండా, చెప్పడం వాళ్ల ఇష్టం అని రాసి అడగండి.

ఆధార్ జిరాక్స్ అడగడం మనకు అలవాటైపోయింది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆధార్ చట్టంలో ప్రైవేటు సంస్థలకు అవకాశమిచ్చిన భాగాన్ని కొట్టేసింది. మన సంస్థ దాన్ని తప్పనిసరి చేయడం తగదు. గుర్తింపు కోసం బియ్యం కార్డు, ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్టు, ఏదైనా తీసుకోండి. వచ్చిన మనిషే ఇష్టపడి ఆధార్ ఇస్తే చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనిపించకుండా మాస్క్ చేసిన కాపీ చాలు. ఏ కార్డూ లేని సంచార కుటుంబాలు, ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు వస్తారు. బుడగజంగాలు, దొమ్మర్ల లాంటి వాళ్లకు ఒక ఊరి చిరునామా చూపించమంటే ఏం చూపిస్తారు? తెలిసిన ఇద్దరి మాట తీసుకుని రాసుకోండి. మోసపోతామేమో అన్న టెన్షన్ ఉంటుంది. ఒక కిట్టు తప్పు చేతికి పోవడం కన్నా ఒక కుటుంబం ఆకలితో తిరిగిపోవడం పెద్ద నష్టం అని నా లెక్క. మీ లెక్క వేరేగా ఉంటే కమిటీలో వాదించి రాసుకోండి. మనసులో పెట్టుకోవద్దు.

భాష సంగతి. కర్నూలు పాతబస్తీలో, ఆదోనిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో కన్నడం నడుస్తుంది. తాండాల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. దరఖాస్తు తెలుగులో, ఉర్దూలో ఉంచండి, మీ ప్రాంతాన్ని బట్టి కన్నడంలో కూడా. చదువు రాని మనిషికి ఫారం నింపిపెట్టాక, వేలిముద్ర వేయించే ముందు రాసినదంతా చదివి వినిపించాలి. ఇది రూలుగానే రాయండి, ఎందుకంటే రద్దీ ఉన్న రోజున మొదట ఎగిరిపోయేది ఇదే.

తీసుకున్న వివరాలు ఎక్కడ ఉంటాయి? ఎవరో ఒకరి సెల్‌ఫోన్లో కాకూడదు. 2017లో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, అందుకే వాడాలి. లబ్ధిదారుల ఫోన్ నంబర్ల లిస్టు ఎన్నికల ముందు ఎవరైనా “అన్నా, ఒకసారి పంపు” అంటే పంపకూడదు. ఎంత పెద్ద నాయకుడైనా సరే. కాగితంలో ఈ వాక్యాన్ని విడిగా పెట్టండి.

4. ఇంటికి వెళ్లి చూసేటప్పుడు

చెప్పి వెళ్లండి. ఇద్దరు వెళ్లండి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మేలు. ఇంట్లోకి రమ్మంటేనే వెళ్లాలి. టీవీ ఉందా, ఫ్యాన్ ఉందా అని గోడలు చూసి పేదరికం కొలవొద్దు. అవి మంచి రోజుల్లో కొన్నవి కావొచ్చు. వాళ్లు మంచినీళ్లు ఇస్తే తాగండి. ఇది మర్యాద కోసం చెబుతున్నానని అనుకోవద్దు. కొన్ని ఇళ్లలో నీళ్లు తాగని పెద్దమనిషి బయటికొచ్చి రాసే రిపోర్టు మీద నాకు నమ్మకం లేదు.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి: మొగుడు ఎందుకు వదిలేశాడు, ఏ గుడికి పోతావు, మొన్న ఎవరికి ఓటేశావు, కొడుకు వేరే కులం పిల్లను ఎందుకు చేసుకున్నాడు. పక్కింటివాళ్లను విచారించడం మానేయండి. పక్కింటావిడ చెప్పేది నిజమైనా, ఈమె సాయం అడిగిన సంగతి ఆ వీధంతా తెలిసిపోతుంది.

5. పంచే చోటు, పంచే తీరు

స్థలం ఎంపికలోనే సగం అయిపోతుంది. గుడి ఆవరణలో పంచితే కొందరు రారు, మసీదు వరండాలో పంచితే కొందరు రారు, చర్చిలో పంచితే అనుమానాలు. ఊళ్లో పెద్దాయన ఇంటి అరుగు మీద పంచితే ఎవరు అడుగు వెనకేస్తారో మనందరికీ తెలుసు. బడి, సచివాలయం దగ్గరి ఖాళీ స్థలం, ఫంక్షన్ హాలు లాంటివి చూడండి. మెట్లు లేని చోటు కావాలి. మెట్లుంటే కింద ఒక టేబుల్ వేయండి. పేరు కిందిదైనా పనిలో పై టేబుల్ కన్నా తక్కువ కాకూడదు, అంటే అక్కడ కూర్చున్నవాడికి కూడా నిర్ణయం చేసే అధికారం ఉండాలి.

వరుస ఒక్కటే. కాలనీ వాళ్లకు ఒక రోజు, ఊరి వాళ్లకు ఒక రోజు అని పెట్టడం “రద్దీ తగ్గించడానికే” అని చెబుతారు. రద్దీ తగ్గించాలంటే అక్షరాల వరుసలోనో, టోకెన్ నంబర్లతోనో తగ్గించొచ్చు. అన్నం పెట్టే కార్యక్రమమైతే వడ్డించేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉండాలి. గ్లాసులు, ప్లేట్లు ఒకే రకం. ఒకరికి స్టీలు గ్లాసు, ఒకరికి కాగితం గ్లాసు ఇవ్వడం ఇప్పటికీ జరుగుతోంది, అడిగితే శుభ్రత కోసమంటారు.

సమయం కూలికి పోయేవాళ్లను బట్టి పెట్టండి. ఉదయం పదకొండుకు పెడితే వాళ్లు ఒక రోజు కూలి పోగొట్టుకుని మీ కిట్టు తీసుకుంటారు. సాయంత్రం ఐదు తర్వాత మంచిది. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం, పండగ రోజులు వద్దు. ఎండాకాలంలో మన కర్నూలు ఎండ తెలిసిందే కదా. షామియానా, నీళ్లు, పది కుర్చీలు లేకుండా మే నెలలో వరుస కట్టించకండి.

పంచే ముందు ప్రార్థన, భజన, ప్రసంగం పెట్టి, అది అయ్యాకే సంచి ఇవ్వడం మానేయండి. మీ భక్తి మీది, అది వేరే రోజు చేసుకోవచ్చు. నాయకుడు వచ్చేదాకా ఆపడం కూడా ఈ కోవలోకే వస్తుంది. మూడు గంటలు ఎదురుచూసిన ముసలామెకు ఆ బియ్యం ఉచితంగా ఏమీ దొరకలేదు.

వరదల్లాంటి సమయాల్లో ఇంకో సమస్య. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగినప్పటి లాంటి పరిస్థితుల్లో సాయం లారీల్లో వస్తుంది, లారీ ఆగగలిగిన చోటే పంచుతారు. రోడ్డు పక్క వీధికి రెండుసార్లు, వెనక సందుకు అసలే లేకుండా పోతుంది. వెనక సందుల్లో ఎవరుంటారో చెప్పనక్కర్లేదు. అందుకే మామూలు రోజుల్లోనే మీ వార్డు మ్యాపు గీసుకుని, లారీ పోని సందులకు ఎవరు మోసుకెళ్తారో పేర్లు రాసి పెట్టుకోండి.

6. ఫొటో

సంచి పట్టుకున్న మనిషి, పక్కన ఆరుగురు దాతలు, వెనక ఫ్లెక్సీ. ఒక్కోసారి దాతలే ఎక్కువమంది ఉంటారు, సంచి ఒకటే ఉంటుంది. నవ్వొస్తుంది గానీ ఆ ఫొటో గ్రూపుల్లో తిరిగి ఆ మనిషి కూతురి అత్తగారింటికి చేరినప్పుడు నవ్వు రాదు.

నియమం సులువు: ఫొటోకూ సాయానికీ సంబంధం ఉండకూడదు. సంచి ఇచ్చేసి, మనిషి వరుస దాటాక, కెమెరా లేని మనిషి వెళ్లి అడగాలి. “అక్కా, మా రిపోర్టులో వేసుకోవడానికి ఒక ఫొటో తీసుకోవచ్చా? వద్దంటే ఏం పర్లేదు, వచ్చే నెల కిట్టు మామూలుగానే వస్తుంది.” ఈ మాటలనే అచ్చంగా రాసి వాలంటీర్లకు ఇవ్వండి. తర్వాత మనసు మార్చుకుని తీసేయమంటే తీసేయాలి. పిల్లల ముఖాలు, రోగుల ముఖాలు అసలు వద్దు. దాతకు రుజువు కావాలంటే సంతకాల రిజిస్టరు, బిల్లులు, సరుకుల ఫొటోలు ఉన్నాయి. బియ్యం మూటలకు సిగ్గు లేదు కాబట్టి వాటిని ఎన్ని కోణాల్లోనైనా తీసుకోండి.

7. కాదన్నప్పుడు ఏం చేస్తారు

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే అమలు చేయగలనంటే ఇది చేయండి. ఇచ్చేటప్పుడు ప్రతి సంస్థా మంచిదే. ఇవ్వలేనప్పుడు ఏం చేస్తుందో దాన్ని బట్టే దాని పద్ధతి తెలుస్తుంది.

డబ్బు ఎప్పుడూ చాలదు. వందమంది వస్తే ముప్పైమందికే ఇవ్వగలిగిన నెలలుంటాయి. అప్పుడు మన దగ్గర జరిగేదేమిటంటే, ఎవరూ “లేదు” అని చెప్పరు. “చూద్దాం”, “వచ్చే నెల రా పెద్దమ్మా”, “అన్న ఊళ్లో లేడు” అంటారు. ఆమె ఆటో చార్జీలు పెట్టుకుని నాలుగుసార్లు తిరుగుతుంది. మొహం మీద లేదనడానికి మనకు మొహమాటం, ఆ మొహమాటం ఖర్చు ఆమెది.

దానికి బదులు ఇలా చేయండి. దరఖాస్తు తీసుకున్న రోజే తేదీ, నంబరు ఉన్న రసీదు చీటీ ఇవ్వండి. పదిహేను రోజుల్లో అవును అనో కాదు అనో చెప్పాలని గడువు పెట్టుకోండి. కాదంటే కారణం చీటీ మీద ఉండాలి, కారణం మీరు రాసుకున్న అర్హతల్లోంచే రావాలి. “ఇంట్లో ఇద్దరికి నెల జీతం వస్తోంది, మా నియమం 1 కింద రాదు” అంటే అర్థమవుతుంది. “కమిటీ నిర్ణయం” అంటే ఏమీ అర్థం కాదు. డబ్బు లేక ఆపితే ఆ మాటే రాయండి, వరుసలో వాళ్ల నంబరెంతో చెప్పండి. చదవలేని వాళ్లకు నోటితో చెప్పి, చీటీ కూడా ఇవ్వండి. ఇంటికెళ్లి ఎవరితోనైనా చదివించుకుంటారు.

చీటీ కింద ఇలా అచ్చు వేయించండి: “ఈ నిర్ణయం సరికాదని మీరు అనుకుంటే 30 రోజుల్లో మళ్లీ చూడమని అడగొచ్చు. నోటితో చెప్పినా చాలు. మొదట నిర్ణయం తీసుకున్నవాళ్లు కాక వేరేవాళ్లు చూస్తారు. ఇలా అడిగినందుకు మీకు ముందు ముందు రావాల్సిన సాయం ఏదీ ఆగదు.” చివరి వాక్యం లేకపోతే మిగతాది ఎవరూ వాడరు.

వేరేవాళ్లు అంటే ఎవరు? చిన్న సంస్థలో ఉండేదే ఏడుగురు. మన రాష్ట్ర సొసైటీల చట్టం 2001 ప్రకారం రిజిస్ట్రేషనుకు కావలసిందీ కనీసం ఏడుగురే, వాళ్లంతా ఒకరికొకరు చుట్టాలో స్నేహితులో. కాబట్టి పునఃపరిశీలనకు బయటినుంచి ఇద్దరిని పెట్టుకోండి. రిటైరైన టీచరమ్మ ఒకరు, గతంలో మీ దగ్గర సాయం తీసుకుని ఇప్పుడు నిలదొక్కుకున్న మనిషి ఒకరు అయితే బాగుంటుంది. రెండో రకం మనిషిని పెట్టడానికి కమిటీలు జంకుతాయి. “వాళ్లు వాళ్లవాళ్లకే చెప్తారు” అంటారు. మనం ఇన్నాళ్లూ ఎవరికి చెప్పామో లిస్టు తీసి చూస్తే ఆ వాదన నిలబడదు. ఎవరి దరఖాస్తు మీద నిర్ణయం జరుగుతోందో ఆ కుటుంబం కమిటీ సభ్యుడికి బంధువైతే ఆయన ఆ రోజు లేచి బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి.

సాయం మధ్యలో ఆపేటప్పుడు కూడా ఇదే పద్ధతి. నెల ముందు చెప్పాలి. ఆరోపణ మీద ఆపుతుంటే (సరుకులు అమ్ముకుంటున్నారని ఎవరో చెప్పారనుకోండి) ముందు వాళ్ల మాట వినాలి. అమ్ముకున్నది నిజమే కావొచ్చు. ఆ డబ్బుతో మందులు కొని ఉండొచ్చు. అప్పుడు మారాల్సింది మన కిట్టు.

8. మనవాళ్ల నడత

ఇది చిన్నగానే చెబుతాను, చట్టం స్పష్టంగా ఉంది. పని చేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది లేక అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. జీతం లేకుండా పనిచేసే వాలంటీరు కూడా దాని దృష్టిలో ఉద్యోగే. పదిమంది కన్నా తక్కువ ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. సాయం ఆశించి వచ్చే ఆడవాళ్లకు మగ వాలంటీర్లు సొంత నంబరు నుంచి రాత్రిపూట ఫోన్లు చేయకూడదు. సంస్థకు ఒక నంబరు ఉండాలి. పిల్లలపై లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, కుటుంబాల మధ్య రాజీ కుదర్చడం మన పని కాదు. పిల్లల సాయానికి ఫోన్ 1098.

“ఏయ్, లైన్లో నిలబడు” అనే గొంతును ఏ చట్టమూ ఆపలేదు. “నువ్వు” అనే వయసు ఎవరిది, “మీరు” అనే వయసు ఎవరిది అన్నది కులాన్ని బట్టి మారిపోవడం మన ఊళ్లలో పాత జబ్బు. అందరినీ మీరు అనండి. అన్నా, అక్కా, పెద్దాయనా అంటే ఇంకా మంచిది.

9. సర్కారు దగ్గర రావాల్సింది ఇప్పించండి

మీరు నెలకు ఒక సంచి ఇస్తారు. ప్రభుత్వం నుంచి ఆ మనిషికి రావాల్సింది అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, అది హక్కుగా రావాల్సింది కూడా. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం కింద రేషను, 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన వృద్ధాప్య, వితంతు పింఛను, వికలాంగులకు 6,000. మీ దరఖాస్తు ఫారం వెనకవైపు “ఇవి వస్తున్నాయా?” అని ఒక లిస్టు పెట్టండి. రాకపోతే సచివాలయంలో అర్జీ, అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

సుగ్గికి పోయేవాళ్లకు బియ్యం కార్డు వేరే జిల్లాలోనూ, వేరే రాష్ట్రంలోనూ పనిచేస్తుందని చెప్పండి. తెలియక అక్కడ కొనుక్కుని తినేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండు నెలలు పింఛను తీసుకోకపోయినా మూడో నెల కలిపి తీసుకోవచ్చని కూడా చెప్పండి.

కోర్టు వ్యవహారాలొస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ 15100. ఎస్సీ, ఎస్టీలపై వేధింపులకు 14566, వృద్ధులకు 14567. ప్రభుత్వ సిబ్బంది అవమానించినా, హక్కు కాలరాసినా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయొచ్చు. 2021లో దాని కార్యాలయం కర్నూలులోనే తెరిచారు. జరిగిన ఏడాదిలోపు రాయాలి. మన సంస్థ లాంటి ప్రైవేటువాళ్ల మీద ఫిర్యాదులకు మాత్రం అది దారి కాదు.

ఒక హెచ్చరిక. అధికారులతో మంచిగా ఉండాలని లబ్ధిదారుల ఫిర్యాదులను అణచొద్దు. మీ హాలు పర్మిషన్ కన్నా ఆమె పింఛను ముఖ్యం.

10. దాతల షరతులు

“మా నాన్న తిథి రోజున మనవాళ్లకే పంచండి” అని చెక్కు ఇచ్చేవాళ్లుంటారు. మర్యాదగా వద్దనడం నేర్చుకోవాలి. “అన్నా, తేదీ మీరు చెప్పండి, ఊరు మీరు చెప్పండి, ఎవరికన్నది మా లిస్టు ప్రకారం పోతుంది” అంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ల డబ్బు లేకుండానే గడిపేద్దాం. విదేశాల్లోని పిల్లలు పంపే డబ్బు విషయంలో జాగ్రత్త. విదేశీ విరాళాల చట్టం 2010 కింద రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ డబ్బు తీసుకోకూడదు. భారత పౌరులు తమ సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది వేరే సంగతి, అయినా ఆడిటరును అడిగాకే తీసుకోండి.

11. కాగితం, ఆ తర్వాత

ఇంతదాకా నిర్ణయించుకున్నదంతా ఒకే పేజీలోకి రావాలి. నా సలహా ఏమిటంటే వాక్యాలన్నీ సాయం తీసుకునే మనిషితో మాట్లాడుతున్నట్టు రాయండి. “మీ కులం, మతం, ఆడా మగా, వైకల్యం, జబ్బు, మీరు వేసే ఓటు చూసి మేం సాయం ఆపం.” “పదిహేను రోజుల్లో జవాబు చెబుతాం.” “కాదంటే ఎందుకో రాసిస్తాం.” “మీ ఫొటో, మీ వివరాలు మీరు సరేనంటేనే వాడతాం.” “మా మనిషి మిమ్మల్ని అవమానిస్తే, డబ్బు అడిగితే ఈ నంబరుకు చెప్పండి.” ఈ ఐదూ ఉంటే మిగతావి వాటి కింద సర్దుకుంటాయి. ఫిర్యాదు నంబరు అధ్యక్షుడిది కాకూడదు. చాలా ఫిర్యాదులు ఆయన మీదే ఉండొచ్చు.

తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్దక్షరాలతో అచ్చు వేయించి, టేబుల్ వెనక గోడకు కాకుండా వరుస నిలబడే వైపు గోడకు అంటించండి. ఎదురుచూసేవాళ్లకు చదవడానికి తీరిక ఉంటుంది.

కమిటీ మూడు నెలలకోసారి రెండు లెక్కలు చూడాలి. ఎంతమంది అడిగారు, ఎంతమందిని కాదన్నాం, కాదన్నవాళ్లు ఏ వీధులవాళ్లు, ఆడవాళ్లెంతమంది అన్నది ఒకటి. మళ్లీ చూడమని ఎంతమంది అడిగారు, అందులో ఎన్ని నిర్ణయాలు మారాయన్నది రెండోది. మళ్లీ చూడమని ఒక్కరూ అడగలేదంటే అంతా బాగుందని సంతోషించొద్దు. చీటీలు ఇస్తున్నారో లేదో ఆ వారమే వెళ్లి చూడండి. ఒక వీధి పేరు లిస్టులో అసలు కనిపించకపోతే, వచ్చే నెల పంపిణీ టేబుల్‌ను ఆ వీధికి తీసుకెళ్లండి.